ఎయిర్ ఫిల్టర్ మార్చాక వినకూడని సలహాలు

బండికి కొత్త ఎయిర్ ఫిల్టర్ వేశామని తెలిస్తే చాలు, గ్యారేజీలో ఒకరు, టీ కొట్టు దగ్గర ఒకరు, ఆదివారం రైడ్‌లో ఇంకొకరు తలా ఒక సలహా ఇస్తారు. అందరూ మన బాగు కోరే చెబుతారు. కానీ ఆ సలహాల్లో చాలావరకు సగం నిజాలే. పూర్తిగా తప్పైతే ఎవరూ వినరు. సగం నిజం కాబట్టే నోటా నోటా తిరిగి మంచి ఇంజిన్లను పాడుచేస్తున్నాయి. అందుకే వాటిని చెప్పినవాళ్ల మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను. ఉదాహరణలన్నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్ల నుంచే తీసుకున్నాను.

“ఫిల్టర్ మార్చావు కదా అన్నా, ఇక ట్యూనింగ్ చేయించాల్సిందే.”

ఏం మార్చామన్నది చూడకుండా ఈ మాట అనకూడదు. కంపెనీ ఎయిర్ బాక్స్ అలాగే ఉంచి, లోపలి కాగితం ఫిల్టర్ తీసి అదే కొలతలో కాటన్ ఫిల్టర్ పెట్టడం ఒక పని. బాక్స్ మూత కోయడం, గాలి వచ్చే గొట్టం పీకేయడం ఇంకో పని. బాక్సే తీసేసి థ్రాటిల్ బాడీ మూతికి గుండ్రటి పాడ్ ఫిల్టర్ బిగించడం మూడోది. ఇంజెక్షన్ బండిలో మొదటి పని చేసినవాళ్లకు సాధారణంగా ట్యూనింగ్ అవసరం రాదు. ఎందుకంటే గాలికి అసలు అడ్డు ఫిల్టర్ కాదు, బాక్సూ దాని మూతీ. ఆ డబ్బు పెట్టి మంచి టైర్లు వేయించండి.

రెండో పని సంగతి కింద చెబుతాను. మూడో పని అసలు చేయొద్దనే నా సలహా. ఎయిర్ బాక్స్ ఉత్త ప్లాస్టిక్ డబ్బా కాదు. దాని లోపలి ఖాళీనీ గొట్టం పొడవునూ లెక్కవేసి చేస్తారు. మధ్య స్పీడులో పికప్ రావడానికి అదీ ఒక కారణం. అది తీసేస్తే పాడ్ ఫిల్టర్ ఇంజిన్ పక్కన వేడి గాలి పీలుస్తుంది, వాన నీళ్లూ తాగుతుంది. రామగుండం, కొత్తగూడెం వైపు బొగ్గు లారీల వెనక వేసవిలో తిరిగే బండికైతే దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ఆ దుమ్ము పిస్టన్ రింగులను అరగదీశాక ఎంత గొప్ప ట్యూనింగ్ చేయించినా లాభం లేదు.

“ఈసీయూ తనే నేర్చుకుంటుంది, నువ్వేం పట్టించుకోకు.”

అన్నిటికంటే ఎక్కువమంది నమ్మే సలహా ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. బీఎస్‌6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. క్లాసిక్ 350 కూడా ఆ ఏడాది జనవరిలోనే కార్బొరేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మారింది. ఈ బళ్లలో సైలెన్సర్ పైపుకు ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది చెప్పగలిగేది ఒక్కటే: మిశ్రమం లాంబ్డా 1కి అటుందా, ఇటుందా. లాంబ్డా 1 అంటే పెట్రోల్ పూర్తిగా మండడానికి ఎంత గాలి కావాలో సరిగ్గా అంతే ఉండటం. ఉత్త పెట్రోల్‌కైతే బరువులో 14.7కి 1. రోడ్డు మీద నిలకడగా 60లో పోతున్నప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈ సెన్సర్ మాట విని ఇంధనాన్ని సర్దుతుంది. అక్కడివరకు సలహా నిజమే. ఆ సర్దుబాటుకు కూడా ఒక హద్దుంటుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం లాంబ్డా 1 సరిపోదు. దమ్ము కోసం, వేడి తగ్గడం కోసం 0.87 చుట్టుపక్కల, అంటే కొంచెం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉండాలి. ఆ చోట మామూలు సెన్సర్ కొలవలేదు. ఈసీయూ దాన్ని పక్కనపెట్టి, ఫ్యాక్టరీలో రాసిన పట్టికను (దాన్నే మ్యాప్ అంటారు) బట్టి ఇంధనం పోస్తుంది. గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉన్న బండి కొంతవరకు సర్దుకుంటుంది, మిగతాది సర్దుకోదు. అంటే కోసిన ఎయిర్ బాక్స్‌తో ఊళ్లో చక్కగా తిరిగిన బండే, హైవే మీద ఫుల్ థ్రాటిల్‌లో లీన్‌గా (పెట్రోల్ తక్కువై), మితిమీరిన వేడితో నడవొచ్చు. ఇంజిన్‌కు అసలు హాని జరిగేది అక్కడే. ఊళ్లో బాగుంది కదా అని వదిలేస్తే ఆ సంగతి తెలియదు.

దీనికి విరుగుడుగా “ఆ సెన్సర్ పీకేయ్, గొడవ వదిలిపోతుంది” అనేవాళ్లూ ఉన్నారు. పీకేస్తే నిలకడ స్పీడులో జరిగే ఆ కాస్త సర్దుబాటు కూడా పోతుంది, మైలేజీ పడిపోతుంది, పొగ పెరుగుతుంది. డైనో (బండి శక్తి కొలిచే యంత్రం) మీద కొలిచి మ్యాప్ రాసే మనిషి, కారణం చెప్పి తీయమంటే అది వేరు.

“లీన్ అయితేనే డేంజర్, రిచ్ అయితే ఏం కాదు. రెండు సైజులు పెద్ద జెట్ వేసెయ్.”

ఇది పాత కార్బొరేటర్ బుల్లెట్ల కాలం నాటి మాట. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది, ప్లగ్‌కు మసి పట్టిస్తుంది. పైగా కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ ముఖ్యంగా పనిచేసేది ముప్పావు థ్రాటిల్ దాటాకే. పావు లోపల పైలట్ జెట్, మధ్యలో నీడిల్ చూసుకుంటాయి. ఊళ్లో పికప్ లేదని మెయిన్ జెట్ మార్చడం కాలు నొప్పికి చేతికి కట్టు కట్టినట్టే. ఏ చోట మిస్సింగ్ కొడుతోందో యాక్సిలరేటర్ గ్రిప్ మీద టేపు అంటించి, పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుని చూడండి. తర్వాతే జెట్ కొనండి. ఒకసారికి ఒక్క మెట్టే పైకి వెళ్లండి.

పాత కార్బొరేటర్ బళ్లకు ఇప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ20 పెట్రోల్‌లో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ కూడా ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో, ఫిల్టర్ ముట్టుకోకపోయినా, ఉత్త పెట్రోల్ రోజులతో పోలిస్తే మిశ్రమం సుమారు 7, 8 శాతం లీన్ అవుతుంది. ఇదివరకు కుదిరిన జెట్ ఇప్పుడూ కుదురుతుందనుకోకండి. డైనో మీద కూడా 14.7 లాంటి నిష్పత్తి అంకెలు కాకుండా లాంబ్డా విలువలే అడగండి. ఇంధనం మారినా వాటి అర్థం మారదు.

“చిన్న డబ్బా ఒకటి ఉంది, ప్లగ్ చేస్తే చాలు.”

చిన్న డబ్బాలన్నీ ఒకటి కావు. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ వైరులో ఒక రెసిస్టర్ పెట్టి, గాలి ఉన్నదానికన్నా 20 డిగ్రీలు చల్లగా ఉందని ఈసీయూను నమ్మించే రకం ఒకటి. దాంతో ఇంధనం సుమారు 6, 7 శాతం పెరుగుతుంది. అయితే లోటు ఏ ఆర్పీఎంలో ఉందో చూడకుండా అన్ని చోట్లా ఒకేలా పెంచుతుంది. నిలకడ స్పీడులో ఆక్సిజన్ సెన్సర్ ఆ పెంపును మళ్లీ తగ్గించేస్తుంది. రెండో రకం పిగ్గీబ్యాక్: బెంగళూరు పవర్‌ట్రానిక్, అమెరికా పవర్ కమాండర్ లాంటివి. ఇవి ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య కూర్చుని ఆర్పీఎం, థ్రాటిల్ ప్రకారం ఇంధనాన్ని మారుస్తాయి. కావాలంటే తీసి పక్కన పెట్టుకోవచ్చు. మూడోది ఈసీయూ ఫ్లాష్, అంటే ఫ్యాక్టరీ పట్టికనే తిరగరాయడం. చేతనైనవాడు చేస్తే అన్నిటికన్నా శుభ్రమైన పని అది. చేతకానివాడి దగ్గర ఈసీయూ చచ్చిపోయే ప్రమాదం ఉంది. బాక్స్ మూత కోసి, సైలెన్సర్ కూడా మార్చినవాళ్లకు పిగ్గీబ్యాక్ సరిపోతుంది. క్యామ్, బోర్ దాకా వెళ్లినవాళ్లు ఫ్లాష్‌కు వెళ్లాలి. రెసిస్టర్ డబ్బాను నేనెవరికీ చెప్పను.

“నా ఇంటర్‌సెప్టర్‌కి వేసిన మ్యాప్ పంపిస్తా తమ్ముడూ, అదే ఎక్కించు.”

వద్దు. సైలెన్సర్ వేరైతే మ్యాప్ వేరు. ఫిల్టర్, ఇంజెక్టర్ అరుగుదల, పెట్రోల్, అన్నీ లెక్కలోకి వస్తాయి. తెచ్చుకున్న మ్యాప్ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, బండి తోలడానికి కాదు.

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో వచ్చే టపటపలు దమ్ముకు గుర్తని చెప్పేవాళ్ల మాటా వినకండి. పైపు జాయింట్‌లో గాలి లీకైనా అదే చప్పుడు వస్తుంది; ముందు గ్యాస్కెట్ చూడండి.

కార్బొరేటర్ బండిలో లద్దాఖ్ వెళ్లేవాళ్లు సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో పెట్టిన పెద్ద జెట్‌తో లేహ్ ఎక్కొద్దు. 3,500 మీటర్ల ఎత్తులో గాలి సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 30 శాతం పలచన, బండి నల్ల పొగ కక్కుతుంది. చిన్న జెట్, స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకోండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును మార్చడానికి పరిమితులున్నాయి. వారంటీ ఉన్న బండికి ఫ్లాష్ చేయిస్తే ఆ వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. ట్యూనర్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు అడగండి: వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో (రిచ్ మిశ్రమాన్ని కూడా కొలవగలిగేది) కొలుస్తారా, పని ముందూ తర్వాతా గ్రాఫ్ ఇస్తారా, ఫ్యాక్టరీ మ్యాప్‌ను ముందే కాపీ చేసి నాకిస్తారా. మూడోదానికి సరేనని, ఆ ఫైల్‌ను మీ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాకే మీ బండి ఈసీయూ మీద చెయ్యి వేయనివ్వండి.