షార్జా శనివార సందేశం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

"అన్నలూ వదినలూ, శనివారం సాయంత్రం బుక్ ఫెయిర్‌కి పోదాం. ఎంట్రీ ఫ్రీ. పార్కింగ్ దొరికితే లోపలికి, లేకుంటే రోలాలో దోశ. పిల్లలకి పరీక్షలున్నోళ్లు కూడా రండి."

అవతారిక

ఇది గద్యం. ఛందోనియమం లేదు గానీ క్లుప్తత ఉంది. షార్జా అల్ నహదా వైపు అపార్ట్‌మెంట్లలో కాపురముండే తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో నవంబరు తొలి రోజుల్లో అవతరిస్తుంది. ఒకరు పంపినదాన్ని మరొకరు ముందుకు తోస్తూ పోవడం వల్ల కర్త ఎవరో తేలదు. చివరన ఒక నమస్కారం బొమ్మ ఉండేదని, అది లేఖక దోషం వల్ల బొటనవేలుగా మారిందని ఒక వాదం ఉంది.

కాలం శరత్తు. కావ్యాల్లో శరత్తుకు రెల్లుపూలు, తేటపడిన ఏరులు, వెన్నెల కావాలి. షార్జాలో ఏరు లేదు, ఆకు రాలదు. వెన్నెల ఉన్నా ఆ ఉక్కలో దాన్ని చూడడానికి ఎవరూ బాల్కనీలోకి రారు. ఋతువు మలుపును చెప్పేది నక్షత్రం. ఆగస్టు చివర తెల్లవారుజామున దక్షిణపు అంచున సుహైల్ పొడిచిందంటే వేసవి వెనకంజ వేస్తుందని అరబ్బుల లెక్క. ఆ చుక్కనే మనవాళ్లు అగస్త్యుడన్నారు. అగస్త్యోదయంతో బురదనీళ్లు తేరుకుంటాయని సంస్కృత, తెలుగు కవులు చెప్పారు. షార్జాలో తేరుకోవలసినవి నీళ్లు కావు, మనుషులు. సెప్టెంబరు నెలంతా ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది. నవంబరు వచ్చేసరికి పగలు 30 దరిదాపుల్లోకి, రాత్రి 20కి దిగుతుంది. అప్పుడు గానీ "సాయంత్రం బయటికి" అనే తలపు మనిషికి పుట్టదు. ఆ ఊరి కళా సాంస్కృతిక పంచాంగం మొత్తాన్ని గుణించినది ఈ ఉష్ణమాపకమే.

ప్రతిపదార్థం

అన్నలూ వదినలూ: సంబోధన. తమ్ముళ్లను, మరదళ్లను పిలవలేదేమని శంక. గ్రూపులో చిన్నవాళ్లు లేరని కాదు, చిన్నవాళ్లమని ఒప్పుకునేవాళ్లు లేరని సమాధానం.

శనివారం: ఇక్కడ వ్యాఖ్యాతలకు పెద్ద తగాదా ఉంది. 2022 జనవరి నుంచి యుఏఈ ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. షార్జా ఒక్కటే మరో అడుగు ముందుకేసి శుక్ర, శని, ఆదివారాలు మూడింటినీ సెలవు చేసి వారానికి నాలుగు పనిదినాలు పెట్టుకుంది. ఇంత ఉదారమైన ఊళ్లో ఉన్నవాడికి శనివారం ఏ ఇబ్బందీ ఉండదనుకోవడం పొరపాటు. సందేశం చదివేవారిలో ఎక్కువమంది అద్దె తక్కువని షార్జాలో పడుకుని, జీతం ఎక్కువని దుబాయిలో పనిచేసేవాళ్లు. ప్రైవేటు కంపెనీల్లో పలుచోట్ల శనివారం పనిదినమే. అందువల్ల ఇక్కడ "శనివారం" వారం పేరు కాదు, ఆకాంక్ష.

బుక్ ఫెయిర్‌కి: షార్జా అంతర్జాతీయ పుస్తక ప్రదర్శనకు అని అర్థం. 1982లో మొదలైంది. మొదలుపెట్టినది 1972 నుంచి షార్జాను పాలిస్తున్న షేక్ డాక్టర్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ. ఆయన చరిత్ర గ్రంథాలూ నాటకాలూ రాసిన పాలకుడు. పుస్తకాల కోసం పాలకుణ్ణి బతిమాలే అవసరం లేని ఊళ్లు ప్రపంచంలో తక్కువ. ఏటా నవంబరులో పన్నెండు రోజులపాటు అల్ తావున్‌లోని ఎక్స్‌పో సెంటర్లో జరుగుతుంది. 2024లో 43వది, నవంబరు 6 నుంచి 17 దాకా జరిగింది. అదే ప్రాంగణంలో కొన్ని వారాల ముందు గడియారాలు, నగల ప్రదర్శన నడుస్తుంది. వదినలకు ఎక్స్‌పో సెంటర్ దారి ముందే తెలిసి ఉండడానికి కారణం అదేనని ఒక చిలిపి టీక.

ప్రదర్శనకు రెండు ముఖాలు. తలుపులు తెరవకముందే ప్రచురణకర్తలు బల్లల చుట్టూ కూర్చుని అనువాద హక్కుల బేరం సాగిస్తారు. అరబిక్ నుంచి, అరబిక్‌లోకి జరిగే అనువాదాలకు మూడు లక్షల డాలర్ల నిధి ఉంది. తలుపులు తెరిచాక జనం. పాలకుడు నగర గ్రంథాలయాల కోసం ఆ అంగళ్లలోనే పుస్తకాలు కొనడానికి 45 లక్షల దిర్హాములు కేటాయించడం ఇటీవలి ఆనవాయితీ. 2019లో నవలాకారుడు ఓర్హాన్ పాముక్, 2021లో అదే ఏడు నోబెల్ అందుకున్న అబ్దుల్ రజాక్ గుర్నా వచ్చారు. 2022లో షారుఖ్ ఖాన్ వచ్చాడు. ముగ్గురిలో ఎవరి సభకు తొక్కిసలాటంత జనం వచ్చారో టీకాకారులు వేరే చెప్పనక్కరలేదు. వంటల వేదిక కూడా ఒకటి ఉంది. పుస్తకం పేరుతో వచ్చి పోపు వాసన దగ్గర ఆగిపోయేవారి కోసం అది ఏర్పడింది.

భారతీయ ప్రచురణకర్తలు ఏడో నంబరు హాల్లో కొలువుంటారు. అక్కడ మలయాళానిదే రాజ్యం. వరసగా ఆవిష్కరణలు, సంతకాలు, ఫొటోలు. రాసినవాడు, అచ్చేసినవాడు, కొన్నవాడు ముగ్గురూ గల్ఫ్‌లోనే దొరికే స్థితికి ఆ భాష చేరుకుంది. తెలుగువాడు ఆ హాల్లో నడుస్తుంటే కలిగేది అసూయ అని కొందరు, ఆకలి అని కొందరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి వేలమంది ఈ దేశానికి వచ్చారు. వాళ్ల బతుకు మీద నవలలు రావలసినన్ని రాలేదు. వచ్చినా ఇక్కడి బల్ల మీదికి చేర్చే పూచీ ఎవరూ తీసుకోలేదు. ఈ ఒక్క చోట టీకాకారుడు హాస్యం మాని ముందుకు నడుస్తాడు.

విశేషం: "బుక్ ఫెయిర్" అన్నది ఉపలక్షణం. ఒకటి చెప్పి అటువంటివన్నీ గ్రహించమనడం. ఆ ఒక్క మాటతో షార్జా శరత్తులో జరిగేవన్నీ వచ్చేస్తాయి. అక్టోబరులో బాలల, యువకుల అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 2009లో ఏర్పడిన షార్జా ఆర్ట్ ఫౌండేషన్ పాతపేట ఇళ్లల్లో తెరిచే కొత్త ప్రదర్శనలు. పేరుకు మూడేళ్లకోసారి, నవంబరులో మొదలయ్యే ఆర్కిటెక్చర్ ట్రైనియల్. దీని తొలి సంచిక 2019లో, రెండోది 2023లో వచ్చాయి. జుబైల్ పాత కూరగాయల మార్కెట్ దీని వేదికల్లో ఒకటి. ఒకప్పుడు బెండకాయలు బేరమాడిన అరుగుల మీద ఇప్పుడు వాస్తుశిల్పులు భవిష్యత్తును గురించి బేరమాడుతున్నారు. వెనకటి సంగతి తెలిసిన పాతకాపు అక్కడికి సంచీ పట్టుకుని వెళ్లాడన్న కథ ఉంది. నమ్మదగినది కాదు, అయినా ఎవరూ కొట్టిపారేయరు. ఫ్లయింగ్ సాసర్ అనే గుండ్రటి కట్టడానిదీ ఇదే వరస. 1970లలో కట్టారు. నడుమ సూపర్ మార్కెట్‌గా, ఫాస్ట్ ఫుడ్ హోటల్‌గా బతికి, 2020లో కళాకేంద్రంగా మళ్లీ తెరుచుకుంది. ఈ ఊళ్లో కళకు కొత్త గుడి కట్టడం కంటే పాత అంగడిలో పీట వేయడమే ఎక్కువ, అదే మేలు కూడా.

రెయిన్ రూమ్‌ను కూడా ఇందులోనే చేర్చాలి. 2012లో లండన్‌లో మొదట ప్రదర్శించినది, 2018 నుంచి షార్జాలో శాశ్వతంగా ఉంది. చీకటి గదిలో వాన కురుస్తుంటుంది. మనిషి నడిచిన చోట యంత్రం గుర్తించి చినుకు ఆపేస్తుంది. ఏడాదికి పట్టుమని నాలుగు వానలు పడని ఊళ్లో, టికెట్టు కొని వానలోకి వెళ్లి తడవకుండా తిరిగిరావడమనే ఈ అనుభవాన్ని ఏ రసంలో చేర్చాలో ఆలంకారికులు తేల్చుకోలేదు. వర్షాకాలం వదిలి వచ్చిన కోనసీమవాసి విషయంలో మాత్రం అది కరుణ.

ఉపలక్షణంలోకే వచ్చేది యూనివర్సిటీ సిటీ. 1997లో షార్జా విశ్వవిద్యాలయం, అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జా అక్కడ పుట్టాయి. 2019లో పర్ఫార్మింగ్ ఆర్ట్స్ అకాడెమీ చేరింది. దగ్గర్లోనే, 2019లో షార్జా యునెస్కో ప్రపంచ పుస్తక రాజధాని అయినందుకు గుర్తుగా కట్టిన హౌస్ ఆఫ్ విజ్డమ్ అనే గ్రంథాలయం ఉంది. 2020 డిసెంబరులో తెరిచారు. దుబాయి పక్కనుండడం వల్ల షార్జా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇది చదువుకునే పిల్లలతో సాయంత్రాలు నిండే ఊరు. అయినా తెలుగువాడికి షార్జా అంటే ఇప్పటికీ స్టేడియమే. 1998 ఏప్రిల్లో ఇసుకతుఫాను నడుమ ఆటను ఆపిన రోజున సచిన్ 143 కొట్టినది అందరికీ కంఠతా వచ్చు. అదే 1998లో యునెస్కో షార్జాను అరబ్బు సాంస్కృతిక రాజధానిగా ప్రకటించిన సంగతి ఎవరికీ రాదు.

పోదాం: వక్తను కూడా కలుపుకునే క్రియ. ప్రయోగంలో మాత్రం, పోదాం అన్నవాడు చివరి నిమిషంలో రాలేదని దాఖలాలు ఉన్నాయి.

ఎంట్రీ ఫ్రీ: అర్థవాదం. ప్రవేశానికి రుసుము లేదన్నది నిజం, పేరు నమోదు చేసుకుంటే చాలు. బయటికి వచ్చేటప్పుడు ఎంత అవుతుందో మూలంలో చెప్పలేదు. పిల్లల పుస్తకాల వరసలో స్టిక్కర్లు, బొమ్మలు, మెరిసే పెన్నులు పుస్తకాల వేషంలో ఉంటాయి.

పార్కింగ్ దొరికితే: షరతు. మొత్తం సందేశానికి కీలు ఇక్కడే ఉంది. పూర్వపక్షం: ఎక్స్‌పో సెంటర్‌కు తన స్థలం ఉంది కదా, ఈ షరతు ఎందుకు? సిద్ధాంతం: ఆ స్థలం నవంబరు శనివారం సాయంత్రానికి లేనట్టే. పోనీ వీధుల్లో పెట్టవచ్చుగా? షార్జాలో నీలం బోర్డు ఉన్న చోట వారానికి ఏడు రోజులూ రుసుమే. శుక్రవారం ఉచితమన్న సామాన్య సూత్రానికి నీలం బోర్డు అపవాదం. ఈ విశేష విధి తెలియక దండుగ కట్టినవారు వ్యాకరణం నేర్చుకున్నవారి కంటే ఎక్కువ. పైగా దుబాయి నుంచి అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద వచ్చేవాడికి పార్కింగ్ మీమాంస దాకా చేరడమే పురుషార్థం.

లేకుంటే రోలాలో దోశ: వికల్పం. రోలా పాత షార్జా నడిబొడ్డు. అక్కడ ఒక పెద్ద మర్రి ఉండేది, పండుగలకు ఊరు దాని నీడన కూడేది. 1978లో అది పోయింది. ఇప్పుడు ఆ చోట చౌకు, స్మారకం ఉన్నాయి. సెలవుపూట అక్కడ కూడే దక్షిణాసియా కార్మికులను చూస్తే, చెట్టు పోయినా కూడిక పోలేదని తెలుస్తుంది. శరత్తులో షార్జాలో జరిగే సాంస్కృతిక కార్యక్రమాల్లో దీన్ని ఏ కరపత్రంలోనూ అచ్చువేయరు. ఎవరి ఊరి కబురు వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు చెప్పుకునే ఆ నిలువుకాళ్ల సభకు ప్రవేశం నిజంగానే ఫ్రీ.

పిల్లలకి పరీక్షలున్నోళ్లు కూడా: కైముతిక న్యాయం. పరీక్షలున్నవాళ్లే వస్తే లేనివాళ్ల మాట చెప్పాలా అని. బడుల నుంచి బస్సుల్లో పిల్లల్ని వారం మధ్యలోనే ఈ ప్రదర్శనకు తీసుకువస్తారు కాబట్టి, తల్లిదండ్రులు చూడకముందే పిల్లలు ఒకసారి చూసి ఉంటారు. దారి చూపేది వాళ్లే.

విరోధ పరిహారం

ఇదే ఋతువులో బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు వరసకట్టి వస్తాయి. ఒకే శనివారానికి రెండు పిలుపులు తగిలితే ఏది బలీయం? దసరా ముందే పోతుంది కనుక దానితో పేచీ లేదు. బతుకమ్మకు తంగేడు దొరక్క బంతిపూలతో సరిపెట్టుకుంటారు. అయినా 2021 అక్టోబరు 23న బుర్జ్ ఖలీఫా గోడ మీద బతుకమ్మ వెలిగిన తర్వాత పూల కొరత గురించి మాట్లాడేవారు తగ్గారు. జమ్మికి మాత్రం కొరత లేదు. యుఏఈ జాతీయ వృక్షం ఘాఫ్ మన జమ్మే. దాన్ని నరకడం నిషిద్ధం కనుక దసరా బంగారం పేరుతో కొమ్మ మీద చెయ్యి వేయకుండా, చూసి దండం పెట్టుకోవడం ఉత్తమ పక్షం. వనభోజనాలు మాత్రం నవంబరులో పుస్తకాల పన్నెండు రోజులకు ఎదురుపడతాయి. పగలు పార్కులో పులిహోర, సాయంత్రం హాల్లో పుస్తకాలు అని కాలభేదం చేత విరోధం తీరుతుంది. పులిహోర తిన్నాక సాయంత్రం లేవగలిగితే.

తాత్పర్యం

ఎండ తగ్గింది. ఊళ్లో ఏదో జరుగుతోంది. ఏమిటో వెళ్లాక చూసుకోవచ్చు. వీలుపడకపోతే తినైనా వద్దాం.

పాఠాంతరాలు

కొన్ని ప్రతుల్లో "దోశ"కు బదులు "కరక్" అని ఉంది. పాలు, యాలకులతో చిక్కగా మరిగిన ఆ టీ తక్కువ ఖర్చు గనుక నెలాఖరు ప్రతుల్లో ఆ పాఠమే గ్రాహ్యం. "లోపలికి" అన్నచోట "లోపలికి పోయి ఫొటో" అని మరో పాఠం. మరికొన్నింటిలో చివరన "కార్లో సీటున్నోళ్లు చెప్పండి" అని అదనపు వాక్యం ఉంది. ఇది ప్రక్షిప్తమని అల్ నహదా కార్ల యజమానుల అభిప్రాయం. దుబాయిలో యూనియన్ మెట్రో దగ్గర ఈ-303 బస్సెక్కి జుబైల్‌లో దిగే బ్రహ్మచారులు మాత్రం అసలు మూలంలో కర్త స్వహస్తంతో రాసినది ఆ ఒక్క వాక్యమేనని, తక్కినదంతా తర్వాత చేరిందని గట్టిగా వాదిస్తారు.