చెవులున్న అధ్యక్షుల వారికి

మహారాజశ్రీ మా ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. కుశలమంతా మంగళవారం పొద్దున్న ఏడింటి దాకానే లెండి.

ధనుర్మాసం కదా అని, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ చీకటితో లేచి, చలికోటు బిగించుకుని డ్రైవ్‌వే మీద పదిహేను చుక్కల ముగ్గు పెట్టింది. రంగులద్ది, ఫొటో తీసి మా పిన్నికి పంపేలోపే తమరు పంపిన మనిషి వీపున ఆకులూదే పెట్రోలు బ్లోయరు తగిలించుకుని దిగాడు. మేపుల్ ఆకులు పక్కింటి వాకిట్లోకి, ముగ్గు మా తెల్లకారు మీదికి. వైపర్ల సందుల్లో కుంకుమరంగు ఇంకా వదల్లేదు.

అదీ ఓర్చుకునేవాళ్ళమే. గురువారం తమరి నోటీసు వచ్చింది: డ్రైవ్‌వే మీద అనుమతి లేని రంగులట! చీమలు తిని పోయే బియ్యప్పిండికి కమిటీ అనుమతి కావాలా? కిటికీలు అదిరే ఆ మోతకి అక్కర్లేదా? అయ్యా, మీ ఇంటి ముందు ఊదరా? మీరు ఏడింటికి ఎక్కడుంటారు?

ఆ బ్లోయరుది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తారు, అందులో కొంత కాలకుండానే పొగతో బయటికొస్తుంది. పెద్ద బ్లోయరు గంటసేపు నడిస్తే వచ్చే, పొగమంచు కలిగించే కాలుష్యం, 2017 క్యామ్రీ కారు లాస్ ఏంజెలెస్ నుంచి డెన్వర్ దాకా 1,100 మైళ్ళు తిరిగినంత అని మన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డే లెక్కగట్టింది. ఇంతా చేసి మన ఆకులు పక్కింటి వాకిలి దాటవు! మన రాష్ట్రంలోని కార్మెల్ ఊళ్ళో 1975లోనే ఈ బ్లోయర్లని వద్దన్నారు. 2024 మోడల్ నుంచి ఇలాంటి కొత్త చిన్న ఇంజన్లకి పొగ ఉండకూడదని రాష్ట్రమే రూలు పెట్టింది. పాతవి వాడుకోవచ్చని ఓ సందు వదిలారు, తమరి కాపురం ఆ సందులోనే.

బ్యాటరీ బ్లోయరు గొప్పదని నేననను. ఫుల్లుగా నొక్కి పట్టుకుంటే చార్జింగు ఇట్టే దిగిపోతుంది, అదనపు బ్యాటరీలు ఖరీదు. తడిసి నేలకంటుకున్న ఆకుల్ని లేపాలంటే పెట్రోలుదే గట్టిది. కానీ మనది అడవా? మా పెరట్లో నేను బ్యాటరీదే వాడతాను. తలుపేస్తే దాని చప్పుడు లోపలికి పెద్దగా రాదు. పెట్రోలుదాని బొంగురుమోత గోడల్లోంచి కూడా దూరుతుంది.

పనివాళ్ళని ఏమీ అననండి. ఆ కుర్రాడి చెవుల్లో దూది కూడా లేదు, పొగ ముందు పీల్చేది అతనే. బ్యాటరీలు అతన్ని కొనుక్కోమంటే ఎలా? నెలనెలా మా దగ్గర వసూలు చేసే డబ్బులోంచి కాంట్రాక్టరుకి ఇవ్వండి.

నోటీసు జరిమానా ఎంతైనా కడతాను, గొడవ లేదు. కొత్త కాంట్రాక్టులో ఒక్క వాక్యం రాయించండి చాలు: బ్యాటరీవే వాడాలి, ఎనిమిది దాటాకే మొదలెట్టాలి. జనవరి మీటింగులో ఓటు పెట్టండి. ఈ వీధిలో తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. పండగ పనులున్నా అందరం వస్తాం, దయచేసి ఓటు పెట్టండి.