ధైర్యం కొట్లో దొరుకుతుందనుకున్నాను

ఈ సంగతి మీతో చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. మీరూ ఇలాంటి పని ఎప్పుడో ఒకసారి చేసే ఉంటారు. రాగం, తాళం రాకముందే ఖరీదైన గిటార్ కొన్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. పరుగు మొదలుపెట్టకముందే మారథాన్ బూట్లు కొన్నవాళ్ళూ ఉన్నారు. నేను కొన్నది ఫ్రీరైడ్ మౌంటెన్ బైక్. ఓ మోస్తరు పాత కారు వచ్చేంత డబ్బు పోసి, నాది కాని సైకిల్ని ఇంటికి తెచ్చుకున్నాను.

నేనుండేది వాంకూవర్‌లో. ఊరికి ఉత్తరాన నీళ్ళు దాటగానే ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ అని మూడు కొండలుంటాయి. ఆ వైపంతటినీ నార్త్ షోర్ అంటారు. ఫ్రీరైడ్ అనే ఆట 1990లలో పెరిగి పెద్దదైంది ఇక్కడే. ఇక్కణ్ణుంచి ఈశాన్యంగా ఉన్న కామ్లూప్స్ పొడి గుట్టలకీ అందులో వాటా ఉంది. నార్త్ షోర్ అడవి ఏడాదిలో చాలా భాగం వానలో నానుతుంది. నేలంతా బురద, వేళ్ళు, కూలిన మానులు. వాటిని దాటడానికి టాడ్ ఫియాండర్ లాంటివాళ్ళు సెడార్ దుంగలు చీల్చి చెక్క వంతెనలు కట్టారు. పోనుపోనూ ఆ వంతెనలు ఎత్తు పెరిగాయి, సన్నబడ్డాయి, కొన్ని నేలదాకా రాకుండా గాల్లోనే ఆగిపోయాయి. అక్కణ్ణుంచి సైకిల్‌తో సహా దూకాలి. దాన్ని డ్రాప్ అంటారు.

ఇందులో గడియారంతో పనిలేదు. డౌన్‌హిల్ రేసులో ఎవరు తక్కువ సమయంలో దిగారన్నదే లెక్క. ఫ్రీరైడ్‌లో మాత్రం కొండలో ఏ దారి నీ కంటికి కనబడింది, దాన్ని ఎంత హాయిగా దిగావు అన్నదే చూస్తారు. యూటా రాష్ట్రంలో వర్జిన్ అనే ఊరి దగ్గర 2001లో రెడ్ బుల్ రాంపేజ్ అనే ఫ్రీరైడ్ పోటీ మొదలైంది. మొదటి ఏడాది గెలిచిన వేడ్ సిమ్మన్స్ మా నార్త్ షోర్ కొండల్లో పేరు మోసినవాడే. రాంపేజ్‌లో తయారుగా ట్రాక్ ఉండదు. ఆడేవాళ్ళే పలుగూ పారా పట్టి, ఎర్రరాతి కొండ మీద ఎవరి దారి వాళ్ళు చెక్కుకుంటారు. 2024లో అక్కడ తొలిసారి ఆడవాళ్ళ పోటీ పెడితే న్యూజిలాండ్ అమ్మాయి రాబిన్ గూమ్స్ గెలిచింది.

ఈ ఆట వీడియోలు రాత్రి పొద్దుపోయేదాకా చూసేవాణ్ణి. చూడగా చూడగా నాలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ దూకుడుకి కారణం మనిషి కాదు, బండి అనుకున్నాను. ఆ ఆటగాళ్ళు పారతో తవ్విన రోజులు, పడి లేచిన ఏళ్ళు వీడియోలో కనబడవు. బండి మాత్రం చక్కగా కనబడుతుంది, కొట్టుకెళితే దొరుకుతుంది కూడా.

కొట్లో కుర్రాడు మర్యాదగా అడిగాడు, "ఎక్కువగా ఎక్కడ తొక్కుతారు సార్?" అని. నేను చూసిన చోట్ల పేర్లన్నీ గడగడా చెప్పాను. తొక్కిన చోట్ల పేర్లు చెప్పలేదు. అతను నా మాట నమ్మి, నేను చెప్పిన మనిషికి సరిపడే బండే ఇచ్చాడు. తప్పు అతనిది కాదు.

ముందూ వెనకా 180 మిల్లీమీటర్ల ట్రావెల్. అంటే చక్రం అంత మేర పైకి కదిలి దెబ్బని మింగుతుంది. మామూలు ట్రైల్ బైకుకి ఇది 130 నుంచి 150 ఉంటుంది, ఫ్రీరైడ్ బైకులకి 170 నుంచి 200 దాకా పోతుంది. బరువు 17 కిలోల పైమాటే. ఆ బరువులో వృథా ఏమీ లేదు. ఎత్తు నుంచి పడ్డా విరగకుండా ఫ్రేము మందంగా ఉంటుంది, రాయి కోసినా చిరగకుండా టైరు గోడలు దళసరిగా ఉంటాయి. వెనక షాక్‌కి ఉక్కు స్ప్రింగు, బ్రేకులకి పెద్ద డిస్కులు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు ముందుకు బాగా వాలి ఉంటుంది కాబట్టి నిటారు దిగుడులో మనిషి ముందుకు బోర్లా పడకుండా కాస్తుంది. ఎగువకి తొక్కేటప్పుడు మాత్రం ఆ వాలు వల్లే ముందు చక్రం అటూ ఇటూ తూలుతుంది. కొట్లో నాకు దిగుడు ఒక్కటే గుర్తుంది.

బండి ఇంట్లో పెట్టగానే మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఏమండీ, దీంతో కొండ దిగుతారు, బాగానే ఉంది. ఎక్కడం ఎలా?"

"తొక్కుకుంటూ ఎక్కుతాను" అన్నాను, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు. ఫ్రీరైడ్ బైకు ఎవరికి పనికొస్తుందో తేల్చే ప్రశ్న అదే. సైకిల్ తొక్కడమే రాని మనిషికి అది మొదటి నిమిషంలోనే తట్టింది.

ఆ శనివారం ఫ్రోమ్ కొండకి బయల్దేరాను. మౌంటెన్ హైవే పేరుకే హైవే, గేటు దాటాక మలుపులు తిరుగుతూ పైకి పోయే కంకర దారి. పెడల్ వేసిన ప్రతిసారీ నా బలంలో సగం షాక్ మింగేస్తోంది. బండి కిందికీ పైకీ ఊగుతోంది గానీ ముందుకి కదలదు. మొదటి మలుపుకే చొక్కా తడిసింది, రెండో మలుపుకి దిగి తోసుకుంటూ నడిచాను. తల నెరిసిన ఒకావిడ తేలికపాటి సైకిల్ మీద పక్కనుంచి వెళుతూ, "బాగున్నారా?" అని నిజంగా ఆదుర్దాగా అడిగింది. బాగున్నానని చెయ్యి ఊపాను. మాట్లాడే ఊపిరి లేదు.

పైకి చేరాను. ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టాను, మోకాళ్ళకి కవచం కట్టాను, ట్రైల్లోకి దిగాను. చెక్క వంతెన వచ్చింది. టైరు జారకుండా దాని మీద కోళ్ళ జాలీ కొట్టారు. ఎక్కాను, ముందుకు పోయాను, చివర కనబడింది. నడుమెత్తు. అంతే. వీడియోల్లో చూసినవాటి ముందు ఇది గుమ్మం మెట్టు. చేతులు వాటంతటవే బ్రేకులు నొక్కేశాయి. అంచున ఆగిపోయాను. వెనక నుంచి "డ్రాపింగ్!" అని కేక. తిరిగి చూస్తే బడి పిల్లలు వరసగా నిలబడ్డారు. వాళ్ళని పోనివ్వాలంటే పక్కకి జరగాలి, జరగడానికి చోటు లేదు, ముందుకి దూకలేను, వెనక్కి తిరగలేను. చివరికి వంతెన మీద కూర్చున్నాను, బండిని కిందికి జారవిడిచాను, దాని వెనకే నేనూ దిగాను. నా వెనక ఒక పాప మామూలు హార్డ్‌టెయిల్ మీద వచ్చి, దూకి, "థాంక్యూ!" అని వెళ్ళిపోయింది. వెనక సస్పెన్షనే లేని బండి అది.

ఆ పాప దగ్గరున్నది చూపు. ఏ వేగంలో రావాలి, బరువు ఎప్పుడు వెనక్కి వెయ్యాలి, ఏ రాయిని తప్పించాలి అన్నవి చిన్న బండి నేర్పుతుంది. తప్పు చేస్తే వెంటనే చేతికి తెలిసేలా చేస్తుంది కాబట్టి. ఫ్రీరైడ్ బైకు ఆ తప్పుల్ని మింగేసి నేర్చుకునే అవకాశమే లేకుండా చేస్తుంది. మెత్తటి ట్రైల్లో దాని మీద వెళ్ళడం గునపంతో కూర తరగడమే. గునపం మంచిదే, పని వేరు. ఆ స్ప్రింగులు వేగం ఉంటేనే పలుకుతాయి.

మరి ఎవరికి పనికొస్తుంది? పైకి తీసుకెళ్ళే దారి వేరే ఉన్నవాళ్ళకి. ఇక్కణ్ణుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో విజ్లర్ బైక్ పార్క్ ఉంది. 1999 నుంచి వేసవిలో స్కీ లిఫ్ట్ మీదే మనిషినీ సైకిల్నీ పైకి చేరుస్తున్నారు. వారం వారం అక్కడికెళ్ళి రోజంతా దూకేవాళ్ళకీ, పికప్‌లో వంతులవారీగా కొండెక్కించే స్నేహితులున్నవాళ్ళకీ ఇది సరైన బండి. ఉన్న సైకిల్‌తో డ్రాపులు ఇప్పటికే దూకుతూ, దాని చక్రాలు వంచుతున్నవాళ్ళకి ఇది అవసరం కూడా. చేతులు అడిగాక కొనాల్సిన బండి, కళ్ళు అడగ్గానే కొనేది కాదు.

చివరికి అమ్మేశాను. కొనడానికి వచ్చిన కుర్రాడు ధర అడగలేదు, ముందు వంగి ఫోర్కు కాలి మీదున్న సన్నటి రబ్బరు రింగు చూశాడు. ఫోర్కు ఎంత లోపలికి నొక్కుకుంటే ఆ రింగు అంత పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. నాది సగం కూడా దాటలేదు. అతను తలెత్తి నా వంక చూసి నవ్వాడు, నేనూ నవ్వాను. ఇక దాచడానికేమీ మిగల్లేదు. వేసవంతా విజ్లర్‌లోనే ఉంటానన్నాడు. బండి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిందని మనసు తేలికపడింది.

ఇప్పుడు నాది 140 మిల్లీమీటర్ల ట్రైల్ బైకు. మౌంటెన్ హైవే మీద బండి దిగకుండా ఎక్కుతున్నాను, చిన్న డ్రాపులు దూకుతున్నాను, పెద్దవాటి పక్కదారి పడుతున్నాను. మీకూ ఆ వీడియోలు చూసి చెయ్యి దురద పెడితే తప్పు పట్టను, నాకింకా పెడుతుంది. కానీ కొనకండి. బైక్ పార్కుల్లో ఈ బండ్లు, హెల్మెట్లు, కవచాలు రోజు అద్దెకిస్తారు. ఒకరోజు లిఫ్ట్ ఎక్కి సాయంత్రందాకా దిగి చూడండి. మర్నాడు కూడా వెళ్ళాలనిపించి, ఆపై వారమూ అలాగే అనిపిస్తే, అప్పుడు కొట్టుకి పోదాం. నన్నూ తీసుకెళ్ళండి. ఎక్కడ తొక్కుతారని అడిగినప్పుడు మీరు నిజం చెప్పేలా పక్కన నిలబడతాను.