కోటి పలకని జట్టు

2025 ఆగస్టులో కృష్ణా డెల్టా దిగువన రెండు ఆశలు ఒకేసారి మొలకెత్తాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి, అవనిగడ్డ దాటి, కోడూరు, నాగాయలంక శివారు మళ్లదాకా వస్తుందన్నది ఒకటి. తెలుగు టైటాన్స్ ఈసారైనా ప్రో కబడ్డీ కప్పు తెస్తుందన్నది రెండోది. మొదటిదానికి కాలువలూ లాకులూ ఉన్నాయి, ఇరిగేషన్ శాఖ ఉంది, అన్నిటికీ మించి నాయకుల హామీలున్నాయి. రెండోది మాత్రం పదకొండు సీజన్లుగా ఏ ఆధారమూ లేకుండానే బతుకుతోంది. పన్నెండో సీజను 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలవుతోంది కాబట్టి, దానికీ ఒక ఆధారం వెతికిపెట్టడం అభిమానిగా నా బాధ్యత. బందరు కోనేరు సెంటర్ నుంచి గుడివాడ దాకా ఎవరిని కదిపినా "కుర్ర జట్టు, అంతా కొత్తవాళ్లు, చూద్దాం" అంటారు. ఆ మాట ప్రతి సీజనుకూ పనికొస్తుంది, ఎందుకంటే ప్రతి సీజనుకూ జట్టు కొత్తదే. నేను చెప్పేది వేరు. ఈ జట్టులో ఈ ఏడాది వేలంలో కోటి పలికినవాడు ఒక్కడూ లేడు. దీని అసలు బలం అదే.

ముందు పాత లెక్కలు చూద్దాం, గుండె దిటవున్నవాళ్లు చదవండి. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో సీజనులో నాలుగో స్థానం. మన వైభవం అక్కడితో సరి. 2021-22లో ఇరవై రెండు మ్యాచ్‌లాడి ఒకటి గెలిచారు. నాలుగు టై అయ్యాయి, పదిహేడు పోయాయి. మొత్తం 27 పాయింట్లు వచ్చాయి. అప్పట్లో గెలిస్తే ఐదు, టై అయితే మూడు, ఏడు లేదా అంతకు తక్కువ తేడాతో ఓడితే ఒకటి ఇచ్చేవారు. కూడి చూడండి: గెలుపుకు ఐదు, టైలకు పన్నెండు, మిగిలిన పదీ ఓడినందుకు వచ్చినవి. పాయింట్లలో మూడో వంతుకు పైగా ఓటమి మీదే సంపాదించిన జట్టు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి. కోవిడ్ వల్ల ఆ సీజనంతా బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా జరిగింది. ఆ మహమ్మారి మనకు చేసిన మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే. తర్వాతి సీజనులో రెండు గెలుపులు, ఆ పై సీజనులో మళ్లీ రెండు. మూడేళ్లలో అరవై ఆరు మ్యాచ్‌లు, ఐదు గెలుపులు. బందరు రేవులో తుఫాను హెచ్చరిక జెండా ఇంతకంటే తరచుగా ఎగిరి ఉంటుంది.

ఇప్పుడు ఈ పట్టిక పక్కన వేలం పట్టిక పెట్టండి. 2018లో రాహుల్ చౌదరిని 1 కోటి 29 లక్షలకు నిలబెట్టుకున్నాం, ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2019లో 'బాహుబలి' అని పేరున్న సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకు తెచ్చుకున్నాం, పన్నెండు జట్లలో పదకొండో స్థానం దక్కింది. 2023లో పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు కుమ్మరించాం. అప్పటికి లీగు చరిత్రలోనే అది రికార్డు. అతను అన్యాయం చేయలేదు, రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా గెలిచినవి రెండు. 2024లో అతన్నే 1 కోటి 72 లక్షల 50 వేలకు తీసుకున్నాం. ధర తగ్గింది, గెలుపులు పన్నెండయ్యాయి. అంటే 88 లక్షలు తగ్గితే పది గెలుపులు పెరిగాయి. ఈ ఏడాది మన జట్టులో అందరికంటే ఎక్కువ పలికినవాడి ధర 81 లక్షలు. అదే త్రైరాశికం వేస్తే ఇరవై రెండు గెలుపులు రావాలి. లీగు దశలో ఒక్కో జట్టుకు ఉన్నవి పద్ధెనిమిది మ్యాచ్‌లే. మిగతా నాలుగు గెలుపులూ ఎక్కడ జమ చేస్తారో నిర్వాహకులే చెప్పాలి.

రెండు చుక్కలు కలిపి గీత గీసి దాన్ని సిద్ధాంతమంటే నోబుల్ కాలేజీ లెక్కల మేష్టార్లు ఊరుకోరని తెలుసు. కాబట్టి అంకెలు పక్కనబెట్టి కారణం చూద్దాం. వేలంలో జట్టు మొత్తానికీ పెట్టగల సొమ్ము ఐదు కోట్లు. దాన్ని బందరు కాలువ నీరనుకోండి. మొదటి తూము దగ్గరే ఒక ఆసామి సగానికి పైగా మళ్లించేసుకుంటే, కిందనున్న పదిహేను ఇరవై మందికి తడి తప్ప నీరుండదు. పైన చేను పచ్చగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది, పేపర్లో వేస్తారు. శివారులో నారు ఎండిపోతుంది. కబడ్డీలో పంట తేలేది ఆ శివారులోనే. ఎంత మొనగాడైనా కూతకు వెళ్లి దొరికిపోతే బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే. మనవాళ్లు అవతలివాణ్ని పట్టేదాకానో, కూతలో ఒకణ్ని కొట్టుకొచ్చేదాకానో లోపలికి రాడు. రెండున్నర కోట్ల మనిషిని బరిలోకి తిరిగి తేవాల్సిన బాధ్యత మిగిలిపోయిన చిల్లరతో కొన్నవాళ్ల మీద పడుతుంది. పైగా రెండు కూతలు వరసగా ఖాళీగా తిరిగొస్తే, మూడోది చావో రేవో. పాయింటు తేవాలి, లేదా ఔటవ్వాలి. అవతలివాళ్లు వెర్రివాళ్లా? మొనగాణ్ని బెంచీ ఎక్కించి, మిగతావాళ్లను మూడో కూత దాకా నెమ్మదిగా నెట్టుకెళ్లి అక్కడ పట్టేస్తారు. పవన్ ఒంటరిగా మోసిన సీజను కథంతా ఇదే. నిరుడు మధ్యలో పవన్ గాయపడ్డాడు. జట్టు కుప్పకూలాలి కదా? విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ కూతలు పంచుకున్నారు, జట్టు నిలబడింది. ఏడో స్థానంలో ఆగి ప్లేఆఫ్స్ అంచున జారిపోయింది గానీ, పన్నెండు గెలుపులంటే అంతకు ముందు మూడు సీజన్ల మొత్తానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఈసారి నీరు ఎలా పారిందో చూడండి. విజయ్ మలిక్‌ను 51 లక్షల 50 వేలకు మళ్లీ తెచ్చుకుని కెప్టెన్ని చేశారు. రైడర్ భరత్ హూడాకు 81 లక్షలు, కుడి మూల కాసే శుభమ్ షిండేకు 80 లక్షలు. కూత పెట్టేవాడికీ పట్టేవాడికీ ఒక్క లక్షే తేడా. ఇది చిన్న విషయం కాదు. మన జట్టు కొనుగోళ్లు చూస్తే, డిఫెన్స్ అనేది పెళ్లిళ్లలో కిళ్లీ వంటిదనీ, అందరికీ అందకపోయినా ఫరవాలేదనీ ఇన్నాళ్లూ యాజమాన్యం నమ్మినట్టు కనిపించేది. భరత్ విషయంలో నాకు మరీ సంతోషం. 2022లో బెంగళూరు తరఫున రెండొందలు దాటించిన రైడర్. నిరుడు యూపీ యోధాస్ అతనికి 1 కోటి 30 లక్షలు పెట్టింది. కోటీశ్వరుడిగా ఉండాల్సిన ఏడాది పక్కవాళ్ల దగ్గర ఉండి, ఆ గండం గడిచాక మన దగ్గరికొచ్చాడు. కోచ్ కృషన్ కుమార్ హూడా 2021-22లో దబంగ్ ఢిల్లీకి కప్పు గెలిపించినవాడు. అదే సీజనులో మనం ఒక్క మ్యాచ్ గెలిచాం. కప్పు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసిన మనిషి ఒకడు మన శిబిరంలో ఉండడం మంచిదే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పట్టు అనేది ఒంటరివాడి విద్య కాదు. మూలనున్నవాడు కాలు అందుకున్న క్షణంలోనే పక్కవాడు వచ్చి పడాలి. చేతులు పట్టుకుని గొలుసు కట్టినవాళ్లు ఒకేసారి కదలాలి. ఇది కలిసి ఆడగా ఆడగా వచ్చేదే గానీ, వేలంలో దొరికేది కాదు. కొత్తగా కలిసినవాళ్లు మొదటి నాలుగైదు మ్యాచ్‌లలో ఒకరి కాలు ఒకరు పట్టుకున్నా నేను ఆశ్చర్యపోను.

ఇక అభ్యంతరాలు. "2015, 2016లో రాహుల్ చౌదరి అనే స్టార్ వల్లే కదా అంత దూరం పోయాం?" అని పాత అభిమానులు అడుగుతారు. నిజమే. కానీ అప్పటికి ఈ లీగులో ఎవరికీ కోటి లేదు. అదే జట్టులో సుకేశ్ హెగ్డే ఉన్నాడు, మొదటి వేలంలో 12 లక్షల 60 వేలకు దొరికి తర్వాత భారత జట్టు కెప్టెనైన దీపక్ హూడా 2015లో ఉన్నాడు. రాహుల్ పేరు పక్కన కోటి పడ్డ ఏడాదే మనం ప్లేఆఫ్స్ బయట ఉన్నాం. స్టార్ జట్టులో పెరిగితే సమస్య లేదు. జట్టును తాకట్టు పెట్టి తెస్తేనే చిక్కు.

గుడివాడ వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకంటే బలమైనది. నిమ్మకూరులో ఎన్టీ రామారావును, రామాపురంలో అక్కినేని నాగేశ్వరరావును కన్న నేల ఇది. ఇక్కడ హీరో లేకుండా ఏదైనా ఆడుతుందా? ఆడదు, ఒప్పుకుంటాను. అయితే 1957 నాటి 'మాయాబజార్' ఇంకోసారి చూడండి. ఇద్దరు హీరోలూ ఉన్నారు. ఉన్నా, కథను భుజాన వేసుకుని నడిపింది నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు. ఆ పక్క సావిత్రి, ఈ పక్క రేలంగి, అందరికీ కూతకెళ్లే వంతు వచ్చింది. రామారావు కృష్ణుడై, నవ్వుతూ, బరి మధ్యలో నిలబడి అందరిచేతా ఆడించాడు. విజయ్ మలిక్ నుంచి నేను కోరేది ఆ నవ్వే.

మూడోది, "జట్టు పేరు తెలుగు, మనుషులు హర్యానా. ఇది మన జట్టెలా అవుతుంది?" సీజను మొదలయ్యే ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు రామమూర్తి జయంతిగా తెలుగు భాషా దినోత్సవం కూడా. ఆ రోజున తెలుగు పేరున్న జట్టును హర్యానా కుర్రాడు నడిపిస్తాడు. గిడుగు వారికి ఇందులో అభ్యంతరం ఉండదనుకుంటాను, జనం నోట్లో నానేదే ఆయనకు ప్రమాణం. మిగతావాళ్ల మాట ఎలా ఉన్నా ఈ ప్రశ్న బందరువాళ్లు వేయకూడదు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి కోఠీలు పెట్టుకున్న రేవు ఇది. గోల్కొండ నవాబుల కాలంలో పర్షియా వర్తకులు ఇక్కడ కాపురాలే పెట్టారు. ఇరాన్ నుంచి వచ్చిన అబోజర్ 2019లో మన జట్టుకు కెప్టెన్ అయ్యాడంటే, ఆ పాత పరిచయం మళ్లీ కలిసిందనుకోవాలి. సరుకు మంచిదా కాదా అని చూడడమే బందరు సంప్రదాయం, ఊరు అడగడం కాదు.

అమెరికాలో ఉండి బాస్కెట్‌బాల్ చూసే మన పిల్లలు ఇంకో మాటంటారు. 2025 జూన్‌లో ఎన్‌బీఏ గెలిచిన ఓక్లహామా సిటీ కుర్ర జట్టే గానీ, దానికి షాయ్ గిల్జస్ అలెగ్జాండర్ అనే పెద్ద స్టార్ ఉన్నాడని. ఉన్నాడు. మనకు దగ్గరి చుట్టం ఆ జట్టు కాదు, డెట్రాయిట్. 2023లో వాళ్లు వరసగా ఇరవై ఎనిమిది మ్యాచ్‌లు ఓడారు. ఆ సీజను మొత్తానికి పద్నాలుగు గెలిస్తే, తర్వాతి సీజనులో నలభై నాలుగు గెలిచారు. కుర్రాళ్లను ఇళ్లకు పంపలేదు, పక్కన అనుభవమున్న పెద్దవాళ్లను నిలబెట్టారు, కోచ్‌ను మార్చారు. ఇలాంటివి జరుగుతాయి. టైటాన్స్‌కు జరగకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

చివరి అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటి మ్యాచ్ తమిళ్ తలైవాస్‌తో. ఆ జట్టులో పవన్ సెహ్రావత్ ఉన్నాడు, 59 లక్షల 50 వేలకు. నా సిద్ధాంతం ప్రకారం అతను కోటి దిగువకు వచ్చాడు కాబట్టి ఇప్పుడు మరీ ప్రమాదకరం. ఆ మ్యాచ్ మనం ఓడిపోవచ్చు. ఓడితే మర్నాడు పొద్దున్నే జట్టును తిట్టడం మొదలెట్టకండి, గొలుసు కుదరడానికి రెండు వారాలైనా పడుతుంది.

నా తీర్పు ఇది. ఈసారి పన్నెండు జట్లలో ఎనిమిదింటికి పైదశలో చోటుంది. పద్ధెనిమిదిలో పది గెలిచి టైటాన్స్ ఆ ఎనిమిదిలో ఉంటుంది. కప్పు సంగతి వచ్చే ఏడాది వేలం అయ్యాక చెబుతాను, మళ్లీ ఎవరికైనా రెండు కోట్లు పెడితే చెప్పను కూడా. ఏడేళ్ల తర్వాత విశాఖలో మ్యాచ్‌లు జరుగుతున్నాయి. బందరు నుంచి గుడివాడ మీదుగా రాత్రి రైలుంది. వెళ్లేవాళ్లు వెళ్లండి. ఒక్కటే మనవి: పవన్ కూతకొచ్చినప్పుడు పాత అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టకండి.