స్క్రూడ్రైవర్ బాబాయి

చొక్కా జేబులో పెన్ను పెట్టుకునేవాళ్లు తగ్గిపోయారు గానీ, స్క్రూడ్రైవర్ పెట్టుకునేవాడు మా సత్తుపల్లిలో బజారుకొకడున్నాడు. మెకానిక్ అనుకునేరు, కాదు. మెకానిక్కయితే షెడ్డుంటుంది, బిల్లుంటుంది, ‘రేపు రా’ అనే మాటుంటుంది. ఈయనకు ఇవేవీ లేవు. పిలవకుండా వస్తాడు, పైసా తీసుకోడు, రెండు టీలు తాగుతాడు, ఉన్న రోగానికి ఇంకోటి కలిపి వెళ్తాడు. వరస ఏదైనా ఊరందరికీ బాబాయే.

మా చుట్టుపక్కల జామాయిల్ తోటలెక్కువ. నాలుగేళ్లకు అటూ ఇటూగా కోతకొస్తాయి. తొక్క తీసిన కర్ర లారీలెక్కి భద్రాచలం అవతలి ఒడ్డు దాకా పోనక్కర్లేదు, ఇవతలే సారపాక కాగితం మిల్లుంది. గొడ్డళ్లున్న రోజుల్లో బాబాయికి పనిలేదు; గొడ్డలికి స్క్రూలుండవు కదా. రంపం మిషన్లొచ్చాకే ఆయన దశ తిరిగింది.

మా మిషన్‌కొచ్చిన జబ్బు ఇదీ: రేజ్ ఇస్తే ఊరంతా వినపడేలా అరుస్తుంది, వదిలితే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఐడిలింగ్ నిలబడదు. పనేమీ చేయకుండా, అలాగని ఆగిపోకుండా ఉండటమే ఐడిలింగ్. ఆ విద్యలో మా బస్టాండు టీకొట్టు బల్ల మీదివాళ్లను కొట్టినవాడు లేడు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చుక్క పెట్రోలు లేకుండా నడుస్తారు.

“ట్యూనింగ్ పోయిందబ్బాయ్,” అన్నాడు బాబాయి. అప్పటికింకా మిషన్ సంచిలోంచి బయటికి తీయలేదు.

కార్బొరేటర్ పక్కన మూడు స్క్రూలుంటాయి. ఎల్ అనేది నెమ్మది మీద ఉన్నప్పుడు పెట్రోలు పాలు చూస్తుంది, హెచ్ అనేది ఫుల్ స్పీడు సంగతి. మూడోది థ్రాటిల్‌ను వెంట్రుకవాసి తెరిచి పట్టుకుంటుంది, అంతే. ఒక్కోదాన్ని ఓ పావు చుట్టు తిప్పి వినాలి. బాబాయి మూడూ తిప్పేశాడు.

“ఎన్ని చుట్లు తిప్పావు బాబాయ్?”

“గుళ్లో ప్రదక్షిణాలా లెక్కపెట్టడానికి? చెవితో వినాలిరా!”

విన్నాం. మూడో స్క్రూ ఎంత బిగించాడంటే, చెయ్యి తీసినా చైన్ దానంతటదే గిర్రున తిరిగింది. “చూశావా హుషారు! నువ్వు ముట్టుకోకుండానే తిరుగుద్ది,” అని మురిసిపోయాడు. ఐడిలింగ్‌లో ఇంజను నిమిషానికి 2,500 నుంచి 3,000 చుట్ల మధ్య తిరగాలి, చైన్ మాత్రం కదలకూడదు. అంతకంటే స్పీడు పెరిగితేనే క్లచ్ పట్టుకోవాలి. వదిలేసినా తిరిగే చైన్ కాలు కోసేదాకా ఊరుకోదు. నేను పేడకుప్ప అవతలికెళ్లి నిలబడి బాబాయిని మెచ్చుకున్నాను.

మర్నాటికి మళ్లీ ఆగింది. ఈసారి తప్పు పెట్రోలుదట. ఇందులో సగం నిజముంది, అదే ప్రమాదం. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది తేమను పీలుస్తుంది. ట్యాంకులో నెలల తరబడి వదిలేస్తే మిషన్‌కు మంచిది కాదు. పాత పెట్రోలు పారబోయించి, కొత్తదానిలో ఆయిల్ ఆయనే కలిపాడు. మంచి టూ స్ట్రోక్ ఆయిలైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. కొలపాత్ర తెస్తానంటే వద్దని, పాయసంలో బెల్లం చూసినట్టు సీసా ఎండకు పట్టి, “రంగొచ్చింది, చాలు,” అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. దమ్మపేట వైపు నుంచి కోతకొచ్చిన కుర్రాడొకడు చూస్తానన్నాడు. వాడు ఏ స్క్రూనీ ముట్టుకోలేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే పొట్టు గుప్పెడు రాలింది. అయినా జబ్బు పోలేదు. ఆగిపోయేలోగా, మిషన్ నడుస్తుండగానే పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఊపినప్పుడల్లా శబ్దం పెరిగి తగ్గుతోంది. వాడు నవ్వాడు. కార్బొరేటర్ ఊడదీసి, దానికీ ఇంజనుకూ మధ్యనుండే రబ్బరు గొట్టాన్ని బొటనవేలితో వంచాడు. గోటిగీతంత పగులు, చేప నోరులా తెరుచుకుంది.

“ఇదన్నా, దొంగగాలి ఇక్కడ్నుంచి పోతోంది.”

గాలి ఎక్కువైతే పెట్రోలు పల్చనవుతుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ అందేదీ ఆ పెట్రోలుతోనే గనక, పల్చనయ్యేకొద్దీ లోపల పిస్టన్ ఎండి గీతలు పడుతుంది. మూడు స్క్రూలూ మూడు వందల చుట్లు తిప్పినా రబ్బరు అతుక్కోదు. వాడు కొత్త రబ్బరేసి, ఎల్ స్క్రూను మెల్లగా చివరిదాకా మూసి, సరిగ్గా ఒక చుట్టు తెరిచాడు. చైన్ ఆగేదాకా మూడోదాన్ని తగ్గించి, ఇంజను చెవికి కుదురుగా వినపడేదాకా ఎల్‌ను కాస్త సర్దాడు. కవ్వం తిరిగినట్టు ఒకే లయలో నడిచింది. చైన్ చలించలేదు.

అంతలో బాబాయి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు విన్నాడు.

“చెప్పానా? నేను తిప్పిన స్క్రూ కుదురుకోవడానికి మూడు వారాలు పట్టుద్దిరా.”

కుర్రాడికీ నాకూ కలిపి టీ చెప్పింది ఆయనే. డబ్బులిచ్చింది నేను.

ఇప్పుడు మా మిషన్ పెట్టెకు తాళముంది. ఎదురింటివాళ్లు మొన్న గడ్డి కోసే మిషన్ కొన్నారు. నిన్నటి నుంచి బాబాయి వాళ్ల అరుగు మీదే కూర్చుంటున్నాడు.