ఊకదంపుడుకు ఎన్ని యూనిట్లు?

మా ఊళ్లో మొన్న ఊకతో కరెంటు తీసే యంత్రానికి ప్రారంభోత్సవం జరిగింది. ముఖ్య అతిథిగారు ఎర్ర రిబ్బను కత్తిరించి, గంటా పది నిమిషాలు మాట్లాడారు. ఆయన మైకుకీ, నెత్తిమీద ఫ్యానుకీ, ఆయన బొమ్మ చుట్టూ వెలిగి ఆరే సీరియల్ బల్బులకీ కరెంటు ఇచ్చింది మాత్రం షామియానా వెనక, గుడ్డ చాటున దాక్కుని డుగడుగమంటున్న డీజిల్ జనరేటరు. అసలు యంత్రం పసుపు కుంకుమలు పెట్టించుకుని, పూలదండ వేయించుకుని, పీటలమీది పెళ్లికూతురిలా కిక్కురుమనకుండా కూర్చుంది. ముందురోజు రాత్రి వానకి ఊక తడిసిందట. తడి ఊక మండదు. ఆ సంగతి యంత్రానికి తెలుసు, మా బాబాయికి తెలుసు. ఆహ్వానపత్రిక అచ్చేయించినవాళ్లకే తెలీదు.

మా బాబాయి ముప్పై ఏళ్లు రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడు. గుప్పెడు ఊక నలిపి చూసి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. అందుకే కాబోలు ఆయన్ని వేదిక మీదకి పిలవలేదు. మేమిద్దరం ఆఖరి వరస ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం.

"ఏం బాబాయ్, ఈ ఉపన్యాసం పోస్తే యంత్రం నడుస్తుందంటావా?" అన్నాను.

"నడవదురా. ఇందులో తేమ ఇంకా ఎక్కువ," అన్నాడు.

వడ్లు దంచితే బియ్యం వస్తాయి, బియ్యం దంచితే పిండి వస్తుంది, ఊక దంచితే చెమట తప్ప మరేమీ రాదని మన పెద్దవాళ్లు 'ఊకదంపుడు' అనే మాట పుట్టించారు. పాపం, ఊకకి అన్యాయం చేశారు. కిలో ఊకలో మూడు వేల కిలోకేలరీల పైచిలుకు వేడి దాగుందని సైన్సు తేల్చింది. మన దేశపు నాసిరకం బొగ్గుకి అది మరీ అంత తీసిపోదు. అంటే ఊక ప్రయోజకురాలైంది. పాత సామెతలో ఇంకా ఏ కేలరీ లేకుండా మిగిలిపోయింది ఒక్క దంపుడే.

ముఖ్య అతిథిగారు ఊకని 'జీవద్రవ్యరాశి' (బయోమాస్) అన్నారు. ముందు వరసలో ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఊక, పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె, చెరకుపిప్పి, కొబ్బరిమట్ట, పిడక అని ఉంటే వాళ్లే లేచి తలా ఓ అరగంట ఉపన్యాసం ఇచ్చేవాళ్లు. మా నాయనమ్మ ఊక పొయ్యి పెట్టేది. పక్కన చిల్లు ఉన్న రేకుడబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేసేది. ఆ మిగిలిన బొక్కలోంచి గాలి ఎంత కావాలో అంతే వెళ్లి, మంట గంటల తరబడి నిలిచేది. గాలిని అదుపులో పెట్టడమే అందులో విద్య.

మా ఊరి యంత్రంలోని గ్యాసిఫయరు చేసేదీ ఇంచుమించు అదే. ఊకకి గాలి చాలీచాలకుండా ఇచ్చి సగం సగం కాలిస్తే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను, కాస్త మీథేను కలిసిన మండే గ్యాసు వస్తుంది. దాన్ని కడిగి, చల్లార్చి, తారు తీసేసి ఇంజనుకి అందిస్తే ఇంజను జనరేటరుని తిప్పుతుంది. కడుపునిండా పెట్టకుండా, పూర్తిగా మాడ్చకుండా, చాలీచాలకుండా ఇస్తూ పని చేయించుకోవడం అనే ఈ సూత్రం మన ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల మీద ఎప్పుడో విజయవంతంగా ప్రయోగించి చూసిందే.

ఉపన్యాసం 'గ్రామస్వరాజ్యం' దగ్గరికి చేరేసరికి బాబాయి ఆహ్వానపత్రిక వెనక లెక్క మొదలెట్టాడు. 75 కిలోల ధాన్యం బస్తా మరపడితే 15 కిలోల ఊక. చిన్న యంత్రం యూనిట్‌కి కిలోన్నర తిన్నా, బస్తాకి 10 యూనిట్లు. ఎకరానికి 30 బస్తాలు పండితే 300 యూనిట్లు. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇల్లు నెలకి 50 యూనిట్లు కాలుస్తుందనుకుంటే, ఎకరం ఊక ఆ ఇంటికి ఆరు నెలల వెలుగు.

"బాగానే ఉంది కదా బాబాయ్!"

"బాగానే ఉంది. కాలిన ఊకలో అయిదో వంతు బూడిదే మిగులుతుంది. ఎకరానికి 90 కిలోలు. ఆ 90 కిలోల సంగతి వాళ్లు పంచిన కరపత్రంలో ఎక్కడుందో కాస్త వెతికి పెట్టు."

వెతికాను. కరపత్రంలో ముఖ్య అతిథిగారి బొమ్మలు నాలుగు ఉన్నాయి. బూడిద లేదు. నిజానికి ఆ బూడిద నిండా సిలికా. సిమెంటులో కలుపుతారు, ఉక్కు కర్మాగారాల్లో వాడతారు. అక్కడిదాకా చేర్చే నాథుడుంటే అది డబ్బు. లేకపోతే పక్కింటివాళ్ల ఆరేసిన బట్టల మీద బూడిద.

ఊక మాత్రం ఊరికే పడుందా? ఉప్పుడు బియ్యం చేసే మిల్లు తన బాయిలర్లో తనే వేసుకుంటుంది. ఇటుక బట్టీ అడుగుతుంది. కోళ్లఫారం వాళ్లు కోళ్లకి పరుపుగా పరుస్తారు. మన దేశంలో ఏ వస్తువైనా ఎవరికీ పట్టనంతకాలం చెత్త. దాన్నించి నాలుగు రాళ్లు వస్తాయని పేపర్లో పడిన మర్నాడే అది సరుకు. అంతకుముందు 'తీసుకుపోండి బాబూ' అని బతిమాలిన మిల్లు, ఇప్పుడు కాటా వేసి, రసీదు రాసి, 'నిన్నటి రేటు నిన్నటిదే' అంటుంది.

ఈ పాఠం మనం ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాం. 1990ల చివర్లో, 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 6 మెగావాట్లు, 7.5 మెగావాట్లు అంటూ బయోమాస్ కరెంటు ప్లాంట్లు వరసగా లేచాయి. యూనిట్‌కి రూ. 2.25, 1994-95ని మొదటి ఏడాదిగా పెట్టుకుని ఏటా 5 శాతం పెంపు అని కేంద్రం చూపిన దారి చూసి లేచాయి. తర్వాత రేటు తిరగరాశారు. ఇటు ఊక ధర పెరిగింది, అటు కరెంటు ధర మీద కోర్టు కేసులు పెరిగాయి. ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2010లో తీర్పు వచ్చింది. పొలంలో పుట్టిన ఊక ఢిల్లీలో నల్లకోట్ల మధ్య నిలబడింది. ఇటు ఊళ్లో కొన్ని చిమ్నీలు పొగ మానేసి పక్షులకి గూళ్లిచ్చాయి.

ఊక అందనప్పుడు ఆ ప్లాంట్ల బాయిలర్లని ఆదుకున్నది సర్కారు తుమ్మ. 1870ల్లో తెల్లదొరల అటవీశాఖ పరాయి దేశపు విత్తనం తెప్పించి కడప సీమలో నాటించిన చెట్టది. వంటచెరకుకి పనికొస్తుందని పెంచారు. అది చెరువుల్లోకీ, బీళ్లలోకీ, శ్మశానాల్లోకీ ఎవరినీ అడక్కుండా పాకింది. దాని పేరులో సర్కారు ఊరికే చేరలేదు. నాటడం వరకే సర్కారుది, ముళ్లు తీసుకోవడం జనానిది. ఇప్పుడు అదే చెట్టుని కొట్టి కరెంటు తీస్తే 'పునరుత్పాదక ఇంధనం'. నిజమే, దాన్ని ఎంత నరికినా మళ్లీ పుడుతుంది.

ఇంతకీ ఊళ్లోనే కరెంటు పుట్టించి ఊళ్లోనే వాడుకోవడం కలేనా? కాదు. కర్నాటకలో తుమకూరు జిల్లా హోసహళ్లిలో 1988లోనే చేసి చూపించారు. బెంగళూరు ఐఐఎస్‌సి శాస్త్రవేత్తలు ఆ చిన్న పల్లెలో 3.7 కిలోవాట్ల కట్టెల గ్యాసిఫయరు పెట్టారు. అంటే మన అయిదు హార్స్‌పవర్ మోటారంత. కట్టెలకోసం ఊరి పక్కనే చెట్లు పెంచారు. ఇళ్లలో దీపాలు, తాగునీళ్లు, పిండిమర దాంతో నడిచాయి. ఊరి కుర్రాళ్లే దాన్ని నడిపారు. శాస్త్రవేత్తలు ప్రారంభోత్సవం అయిన మర్నాడు మాయం కాలేదు. వెనకాలే ఉండి, చెడితే బాగుచేశారు. అందులో ఇంకే రహస్యమూ లేదు.

బీహార్‌లో పశ్చిమ చంపారన్ జిల్లా తంకుహాలో 2007లో ఇంకో ముచ్చట. హస్క్ పవర్ అనే సంస్థ వరి ఊకతో ఊరికి సాయంత్రం దీపాలు ఇచ్చింది. సూర్యుడు ఆరు గంటలకి డ్యూటీ దిగి వెళ్లిపోతాడు, ఊక దిగదు. పెద్ద ఇనప స్తంభాలు కాదు, వెదురు బొంగుల మీద తీగలు లాగారు. మిగిలిన మసిబొగ్గుతో ఆడవాళ్ల చేత అగరువత్తులు చేయించారు. చూశారా, అక్కడ బూడిదకి కూడా ఒక గతి కల్పించారు! కాలం గడిచేకొద్దీ ఆ సంస్థ సోలార్ పలకల్ని పక్కన చేర్చుకుంది. ఒక్క ఊకనే నమ్ముకుంటే, ఊక అమ్మేవాడు ఆ సంగతి కనిపెట్టేస్తాడు మరి.

ఈ ముచ్చట్లు విని కేంద్రమూ ముచ్చటపడింది. 2004 ప్రాంతంలో 'గ్రామ ఇంధన భద్రత' పేరుతో లైను వెళ్లని మారుమూల పల్లెలకి చిన్న గ్యాసిఫయర్లు ఇచ్చింది. ఊరికో కమిటీ. కమిటీకో బ్యాంకు ఖాతా. కొన్నేళ్లు తిరిగేసరికి చాలాచోట్ల యంత్రాలు చల్లబడ్డాయి, 2012 ప్రాంతంలో పథకమే మూతపడింది. పెద్ద కారణాలేమీ లేవు. తారు పట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. గాస్కెట్టు పోతుంది. అది జిల్లా కేంద్రంలో దొరకదు. యంత్రం తుడిచే కుర్రాడికి జీతం ఆలస్యమవుతుంది, వాడు పట్నం బస్సెక్కుతాడు. కట్టెలు ఈ నెల మీ వీధి తేవాలా, మా వీధి తేవాలా అని కమిటీ రెండు ముక్కలవుతుంది. ఇంతలో కరెంటు స్తంభాలు రానే వస్తాయి.

స్తంభాలు రావడానికి కూడా ఒక లెక్కుంది. 2004 నిర్వచనం ప్రకారం ఊళ్లో బడికీ, పంచాయతీ ఆఫీసుకీ లైను వచ్చి, నూటికి పది ఇళ్లు వెలిగితే ఆ ఊరికి విద్యుదీకరణ అయిపోయినట్టే. మిగిలిన తొంభై ఇళ్లు ఆ పది ఇళ్లని చూసి మురవాలి. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో ప్రతి ఊరికీ కరెంటు చేరిందని ప్రకటించారు. ఇల్లిల్లూ వెలిగించే పని దానికి ముందు ఏడాది మొదలైన సౌభాగ్య పథకానికి అప్పగించారు. ముందు ఊరు వెలిగింది, తర్వాత ఇళ్లు. ఇది మన కవులకి కూడా తట్టని అలంకారం.

ఇప్పుడు దేశంలో బయోమాస్ కరెంటు సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. అందులో సింహభాగం చక్కెర మిల్లుల్లో చెరకుపిప్పిది. 2021లో బొగ్గు కరెంటు కేంద్రాలన్నీ 5 శాతం మేర బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలని కేంద్రం చెప్పింది. పొలంలో గడ్డి తగలబెట్టి ఊపిరాడకుండా చేసుకోవడం కన్నా అది మేలే. కాకపోతే దారి కాస్త పొడుగు. మన గడ్డి లారీ ఎక్కి, గుళికై, దూరాన ఎక్కడో కరెంటై, హైటెన్షన్ లైను మీద వందల కిలోమీటర్లు ప్రయాణించి, మళ్లీ మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు దాకా వచ్చి, ఫ్యూజు పోయి అక్కడ ఆగుతుంది.

ఉపన్యాసం ముగింపుకొచ్చింది. ముఖ్య అతిథిగారు బటన్ నొక్కారు. వేదిక మీద బల్బు భళ్లున వెలిగింది. చప్పట్లే చప్పట్లు. ఆ బల్బు తీగ పట్టుకుని వెనక్కి నడిస్తే గుడ్డ చాటున డీజిల్ దగ్గరికి చేరతామని మా బాబాయి నా చెవిలో చెప్పాడు.

"సందేహాలుంటే అడగండి," అన్నారు అతిథిగారు.

బాబాయి లేచాడు. "అయ్యా, యంత్రం ఇచ్చారు, చాలా సంతోషం. ఆర్నెల్ల తర్వాత గాస్కెట్టు పోతే ఎవర్ని అడగాలండి?"

వేదిక మీద ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకున్నారు. అతిథిగారు చిరునవ్వు నవ్వారు. "చాలా మంచి ప్రశ్న. పెద్దాయనకి చప్పట్లు కొట్టండి." కొట్టాం. ఆ చప్పట్లు ఆగేలోపు కాన్వాయ్ కదిలింది. వెనకే జనరేటరు ఆగింది, బల్బు ఆరింది. అద్దె కుర్చీలవాడు బాబాయి కింద కుర్చీ కూడా లాగేశాడు.

బాబాయి యంత్రం దగ్గరికి వెళ్లి, కింద పడున్న ఎర్ర రిబ్బను ముక్కలు రెండూ ఏరి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకు బాబాయ్ అది?"

"గ్యాసు కడిగే నీళ్ల పైపు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది కదరా, జాయింటుకి చుట్టడానికి పనికొస్తుంది," అన్నాడు. "మెయింటెనెన్సు కింద మనకి వచ్చింది ఇంతే."

రేపు ఎండ కాస్తే ఊక ఆరబోస్తానన్నాడు.