మూడు నొక్కబండి: సటీకా తాత్పర్యం

అవతారిక

ఇది అజ్ఞాతకవి చాటువు. సందర్భం కారు షోరూము. ఉచితంగా ఇచ్చిన కాఫీ బల్లమీద చల్లారుతోంది. ఇల్లాలు వెనకసీటు మెత్తదనం పరీక్షిస్తోంది. కొడుకు బానెట్ ఎత్తించి లోపలికి తొంగిచూస్తున్నాడు. పెద్దాయన కుర్చీలోంచి లేవకుండా "ఎంతిస్తుందయ్యా?" అని రెండోసారి అడిగాడు. చెక్కుబుక్కు పట్టుకున్న గృహస్థు ఆ ముగ్గురి కోరికలనూ ఒక ఆటవెలదిలో ఇమిడ్చి ఇలా విన్నవించుకుంటున్నాడు.

మూలం

లాగుడుండవలయు లగ్జరీ వలయును
లీటరున నిరువది దాటవలయు
మూడు నొక్కబండి ముంగిట నిలుపంగ
బ్యాంకుకైనఁ గలదె భాగ్య మహహ

ప్రతిపదార్థం

లాగుడు = ఎత్తులో వెనకాడని ఊపు, వాడుకలో పికప్; ఉండవలయు = తప్పక ఉండాలి; లగ్జరీ = చల్లదనం, మెత్తదనం, ఇంజను చప్పుడు వినపడకపోవడం, సన్‌రూఫ్ మొదలైనవి; వలయును = అవీ కావాలి; లీటరునన్ = ఒక్క లీటరు ఇంధనంతో; ఇరువది = ఇరవై కిలోమీటర్లు; దాటవలయు = మించాలి; మూడున్ = ఈ మూడు గుణాలనూ; ఒక్కబండి = ఒకే కారుగా; ముంగిటన్ = ఇంటిముందు; నిలుపంగన్ = నిలబెట్టడానికి; బ్యాంకుకైనన్ = అప్పిచ్చే బ్యాంకుకే అయినా; భాగ్యము = అంత సంపద; కలదె = ఉన్నదా?; అహహ = ఆన్‌రోడ్ ధర విన్నాక వెలువడిన ధ్వని.

తాత్పర్యం

పికప్, సుఖం, మైలేజీ మూడూ ఒకే కారులో కావాలంటే నా తాహతే కాదు, నాకు అప్పిచ్చేవాడి తాహతు కూడా చాలదని భావం.

వ్యాఖ్య

లాగుడు: దీనికి బీహెచ్‌పీ అని అర్థం చెప్పేవారున్నారు. అది బ్రోచరు చదివి చెప్పిన అర్థం. అక్కడ అచ్చువేసిన గరిష్ఠ శక్తి, పెట్రోలు ఇంజనైతే, నిమిషానికి ఐదారువేల చుట్లు తిరిగినప్పటి మాట. సిమెంటు లారీ వెనక రెండో గేరులో ఇరుక్కుని, ఎదర కాస్త ఖాళీ కనిపించగానే దాటాలనుకున్నవాడి ఇంజను రెండువేల చుట్ల దగ్గర ఉంటుంది. అప్పుడు ఆదుకునేది టార్క్. టర్బో ఉన్న ఇంజన్లు, డీజిలైనా పెట్రోలైనా, దాన్ని అక్కడే అందిస్తాయి. టర్బో లేని పెట్రోలు ఇంజను నాలుగువేల దాకా పరిగెత్తి తెచ్చుకోవాలి. డ్రైవర్లు "బండి లాగుతోంది" అనేది టార్క్ గురించే కనుక అదే గ్రాహ్యం.

లగ్జరీ: మొదటి పాదంలో యతి లా-ల. ఒకే అక్షరం, లాగుడుకు దీర్ఘం, లగ్జరీకి హ్రస్వం. రెండూ ఒకే ఇంజను సొమ్ము తింటాయని, తినే పాళ్లే వేరని ధ్వని. దృష్టాంతం: మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, 40కి లోబడిన హార్స్‌పవర్. నలుగురిని ఎక్కించుకుని తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు, మలుపు కనిపించగానే డ్రైవరు చెయ్యి గేరు మీదికంటే ముందు ఏసీ మీట మీదికి పోయేది. ఠక్కున కంప్రెసర్ ఆగేది, బండి తేలిగ్గా ముందుకు సాగేది, వెనకసీట్లో విసనకర్రలు బయటికొచ్చేవి. కంప్రెసర్ కూడా ఇంజను బెల్టు మీదే తిరుగుతుంది మరి. నేటి ఇంజన్లకు బలం పెరిగి ఆ మీట నొక్కే పని తప్పింది గానీ, బిల్లు తప్పలేదు. అది పెట్రోలు బంకులో కడుతున్నాం.

ఇరువది: ఈ పాదంలో కవికి అక్షరయతి కుదరలేదు. లీట-దాట అని ప్రాసయతితో సర్దుకున్నాడు. మైలేజీ విషయంలో సర్దుబాటు ఇక్కడే మొదలైందని గ్రహించాలి. కంపెనీ చెప్పే అంకె పరీక్షశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసినది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80లో పోయేవాడు 100కి ఎక్కితే ఆ అడ్డు సగానికి పైగా హెచ్చుతుంది. ఇథనాలులో శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే కాబట్టి ఇరవై శాతం కలిపిన ఇంధనం ఇంకాస్త కోస్తుంది.

ఒక్కబండి: ఇచట మూడు మతాలు. డీజిలు మతస్థులు 1248 సీసీ ఫియట్ మల్టీజెట్‌ను ప్రమాణంగా చూపుతారు. మారుతి, టాటా, ఫియట్ కార్లు చాలావాటిలో అదే కొలువుండటంతో జాతీయ ఇంజను అని పేరొచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు రాగానే మారుతి డీజిలునే వదిలేసింది. టర్బోవాదులది చిన్న ఇంజనుకు గాలి దట్టించే మార్గం. మెల్లగా తొక్కితే మైలేజీ, గట్టిగా తొక్కితే పికప్. రెండూ ఒకేసారి అడగరాదు. హైబ్రిడ్‌వారు విశిష్టాద్వైతులు: పెట్రోలు, కరెంటు వేరైనా శరీరం ఒకటే. వారి ఇంజను వాడే చక్రానికి మూలపురుషుడు 1880లలో పేటెంటు పొందిన జేమ్స్ అట్కిన్సన్. అది పొదుపరి, కానీ అడుగున లాగుడు తక్కువ. ఆ లోటు మోటారు పూడుస్తుంది. మూడూ దాదాపు కలిసొచ్చేది ఇక్కడే, నాలుగో పాదం తగిలేదీ ఇక్కడే.

ఇంజను పరిమాణం ఇంజనీరు ఇష్టమని భ్రమపడరాదు. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపుంటేనే చిన్నకారు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ హద్దులోపలి కారుకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40. ఛందస్సు ఇంత బిగువుగా ఉంటే, బుల్లి టర్బో ఇంజన్లు పుట్టడంలో వింతేముంది?

పాఠాంతరం

"మామకైనఁ గలదె భాగ్య మహహ" అని కొన్ని ప్రతుల్లో. గణాలు సరిపోయినా మా-భా యతి చెల్లదు. అల్లుళ్లు చేర్చిన ప్రక్షిప్తంగా భావించి విసర్జించాం.

దోషవిచారం

పద్యంలో "వలయు" మూడుసార్లు వచ్చింది. పునరుక్తి సహించవచ్చు గానీ, మూడు కోరికలకూ ఒకే క్రియ వేసి ఏది ముందో చెప్పకపోవడమే అసలు దోషం. లీటరులో ఉన్న శక్తి ఒక్కటే. పెట్రోలు ఇంజను అందులో పెద్ద భాగాన్ని వేడిగా వదిలేసి మిగిలినదే చక్రాలకిస్తుంది. ఆ మిగులును ముగ్గురికి పంచాలి. పంచే ముందు తన ఏడాది మొత్తంలో ఏ దారి ఎక్కువ లీటర్లు తాగుతుందో గృహస్థు చూసుకోవాలి. ఏడాదికొకసారి ఎక్కే ఘాట్ కోసం ఇంజను కొని, దాన్ని రోజూ అమీర్‌పేట సిగ్నలు దగ్గర మేపడం లోకంలో ఎక్కువ.

లెక్క చూడండి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదికి 6,000. లీటరుకు 15 ఇచ్చే కారు 400 లీటర్లు తాగుతుంది, 20 ఇచ్చేది 300. మిగిలింది నూరు లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకుంటే పదివేలు. ఆ పొదుపు కోసం మూడు లక్షలు ఎక్కువ పోస్తే తిరిగి రావడానికి ముప్పై ఏళ్లు. అతనికి మామూలు పెట్రోలు ఇంజనే మోక్షమార్గం. నెలకు మూడువేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాడు డీజిలును, రోజంతా ట్రాఫిక్‌లో ఆగి కదిలేవాడు హైబ్రిడ్‌ను ఆశ్రయించవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు పోయే శక్తిలో కొంత అక్కడ బ్యాటరీకి చేరుతుంది.

అలంకారం

"కలదె" అన్నచోట కాకువు, లేదని భావం. అతిశయోక్తి పద్యంలో లేదు, బ్రోచరులో ఉంది.

ఫలశ్రుతి

అడ్వాన్సు కట్టకముందు ఈ పద్యాన్ని అర్థసహితంగా పఠించినవారికి తగిన ఇంజను సిద్ధించును. కట్టిన తరువాత పఠించినవారికి ఫ్లోర్ మ్యాట్లు ఉచితముగా లభించును.